గీత వెనుక కారణం: పాత కారు మోడల్‌ను మళ్లీ గీయడం ఎలా

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు పాత మోడల్ ఒకటి కనబడితే చాలు, మనసులో దానికి మార్పులు మొదలవుతాయి. ఆ బంపరు ఇంకాస్త సన్నగా ఉంటే బాగుండేది, కప్పు రెండు అంగుళాలు దిగితే బాగుండేది, వెనక దీపాలు పాతవే ఉంచాల్సింది. ఈ ఊహలను కాగితం మీద పెట్టబోతే మాత్రం ఎక్కువమంది చేతుల్లో ఒకే బొమ్మ వస్తుంది. ఇప్పటి కారు ఒంటికి పాత కారు ముఖం తగిలించి ఉంటుంది. రెండు గుండ్రటి దీపాలు, ఒక క్రోమ్ పట్టీ, పాత లోగో. మొదటి చూపుకు ముచ్చటగానే ఉంటుంది. రెండో చూపుకు అరువు తెచ్చుకున్న నగలలాగా తేలిపోతుంది.

దూరంగా వస్తున్న మనిషిని ముఖం కనబడక ముందే నడకను బట్టి పోల్చుకుంటాం. కారును కూడా అలాగే పోల్చుకుంటాం. చక్రాల మధ్య దూరం, కప్పు వంపు, ఒళ్లు నేలకు ఎంత దగ్గరగా ఉంది అన్నవి ముందు కంటికి చేరతాయి. దీపాలు, గ్రిల్లు ఆ తర్వాతే. పైగా పాత కారులోని ప్రతి గీతకూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకోకుండా గీతను ఉంచినా, తీసేసినా పని గుడ్డిదే అవుతుంది. ఈ మార్గదర్శిలో సగానికి పైగా పెన్సిలు పట్టక ముందు చేయాల్సిన పని గురించే ఉండటానికి అదే కారణం.

మొదటి మెట్టు: ఏ ప్రశ్నకు జవాబు గీస్తున్నారు?

"ఈ కారును మళ్లీ గీస్తాను" అన్న మాటలో కనీసం నాలుగు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, ఆ కారే నేడు పుడితే ఎలా ఉండేదో గీయడం. రెండోది, ఆ రోజుల్లోనే జరిగిన పొరపాటును ఆ రోజుల పరిమితుల్లోనే సరిదిద్దడం. మూడోది, కంపెనీ ఎన్నడూ తయారుచేయని రూపాన్ని ఊహించడం: రెండు డోర్ల కారుకు పొడవాటి డిక్కీ ఉన్న తోబుట్టువు, సెడాన్‌కు కప్పు లేని రూపం. నాలుగోది, పాత కారు ఒంటినే ఉంచి లోపలా బయటా మెరుగుపరచడం. కాలిఫోర్నియాలోని సింగర్ సంస్థ 1989-94 నాటి 964 తరం పోర్షే 911 మీద చేస్తున్నది ఈ నాలుగో పని.

ఒక బొమ్మలో ఒక ప్రశ్నే ఉండాలి. రెండు కలిపితే చూసేవాళ్లకు ఎక్కడ నిలబడి చూడాలో తెలియదు. కాగితం పైన ఒక వాక్యం రాసుకోండి. "1975 నాటి ఏఎంసీ పేసర్‌ను, అదే ఏడాది, అదే ఇంజిన్‌తో, ముందు భాగం మాత్రమే మార్చి." ఇంత ఇరుకుగా రాసుకుంటేనే పని ముందుకు కదులుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను రెండో ప్రశ్నను ఎంచుకోమంటాను. హద్దులు ముందే గీసి ఉంటాయి కాబట్టి కన్ను త్వరగా పదునెక్కుతుంది.

అయితే ఆ దారిలో ఒక ప్రమాదం ఉంది. వికారంగా ఉందని అందరూ అనే కారును సరిదిద్దుతూ దాని తెలివిని కూడా తుడిచేస్తాం. 1998 నాటి ఫియట్ మల్టిప్లా సంగతి చూడండి. 4 మీటర్ల లోపు పొడవులో ఆరుగురిని ముందు ముగ్గురు, వెనక ముగ్గురుగా కూర్చోబెట్టిన కారు అది. ముందు అద్దం కింద ఉబ్బిన మడత మీద అదనపు దీపాలు పెట్టినందుకు దాన్ని ఎగతాళి చేయనివాళ్లు లేరు. 2004లో కంపెనీయే ఆ మడతను చదును చేసింది. తర్వాత వచ్చిన ముఖం ఎవరికీ గుర్తు లేదు. అసలు మల్టిప్లాను గీసిన రొబెర్తో జోలితోనే తర్వాత కొత్త ఫియట్ 500కూ రూపమిచ్చారు. అందం ఆయనకు చేతకాక మల్టిప్లా అలా తయారుకాలేదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. కాబట్టి సరిదిద్దే ముందు, ఆ కారు ఏం సాధించాలనుకుందో కూడా అదే కాగితం మీద రాసి పెట్టుకోండి.

రెండో మెట్టు: సరుకు సమకూర్చుకోవడం

కావలసినవి ఎక్కువేమీ లేవు. కారు పొడవు, వెడల్పు, ఎత్తు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల కేంద్రాల మధ్య దూరం), టైరు సైజు. నేరుగా పక్కనుంచి, ముందునుంచి, వెనకనుంచి తీసిన ఫోటోలు. వీలైతే ఆ మోడల్ మరమ్మతు పుస్తకంలోని కొలతల చిత్రాలు. పక్కవైపు ఫోటో దూరం నుంచి, జూమ్ లెన్సుతో తీసినదై ఉండాలి. దగ్గర నుంచి ఫోను కెమెరాతో తీస్తే మధ్య భాగం ఉబ్బి, కొసలు సన్నబడి కనిపిస్తాయి. అలాంటి ఫోటో మీద గీసిన గీత ఎంత చక్కగా ఉన్నా కొలతకు నిలవదు. కెమెరా కారు ఎత్తులో సగానికి సమానంగా ఉంటే కప్పూ నేలా రెండూ నిజాయితీగా కనబడతాయి.

ఫోటో నుంచి కొలత తీయడం తేలిక. 1959 నాటి అసలు మినీ వీల్‌బేస్ 2036 మిల్లీమీటర్లు. మీ ఫోటోలో రెండు చక్రాల కేంద్రాల మధ్య 1018 పిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెల్‌కు 2 మిల్లీమీటర్లు. ఇక అద్దం ఎత్తు, డోరు వెడల్పు అన్నీ లెక్కపెట్టి రాసుకోవచ్చు. ఫోటోలోని కారు మొత్తం పొడవును ఇలా లెక్కకట్టి, అసలు పొడవుతో సరిచూసుకోండి. రెండూ దగ్గరగా లేకపోతే ఆ ఫోటోను పక్కన పెట్టాల్సిందే. బొమ్మ కార్లను కొలిచేవాళ్లూ ఉన్నారు. వాటిలో చక్రాలు కొన్నిసార్లు తప్పు సైజులో ఉంటాయి కాబట్టి నేను వాటిని వంపులు అర్థం చేసుకోవడానికే వాడతాను, కొలతలకు కాదు.

మూడో మెట్టు: ప్రతి గీతనూ ప్రశ్నించడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు ఇది. పక్కవైపు ఫోటోను పెద్దగా ప్రింటు తీసి, దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి, నాలుగు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. చట్టం వల్ల వచ్చిన గీతలకు ఎరుపు. ఇంజిను, చక్రాలు, లోపలి మనుషులు వీటివల్ల వచ్చిన గీతలకు నీలం. తయారీ పద్ధతి, ఖర్చు వల్ల వచ్చినవాటికి ఆకుపచ్చ. కేవలం అభిరుచి వల్ల, ఆ కాలపు ఫ్యాషన్ వల్ల వచ్చినవాటికి నలుపు. మొదటిసారి ఇలా చేసినప్పుడు, నేను అందం కోసమే గీశారనుకున్న గీతల్లో ఎన్నో నీలంగా, ఎర్రగా మారిపోయాయి. ఆ ఆశ్చర్యం కోసమైనా ఈ పని చేసి చూడండి.

ఎరుపు గీతలకు ఉదాహరణలు కొల్లలు. అమెరికాలో 1940 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా హెడ్‌లైట్లు నిర్ణీత సైజుల్లోని సీల్డ్ బీమ్ దీపాలే (అద్దం, బల్బు కలిపి ఒకటిగా మూసేసినవి) కావాలి. మొదట్లో 7 అంగుళాల గుండ్రటి దీపాలు రెండే ఒప్పు. 1983లో ఆ నిబంధన సడలాకే కంపెనీలు తమకు నచ్చిన ఆకారపు దీపాలను అక్కడ అమ్మగలిగాయి. జాగ్వార్ ఈ-టైప్ తొలి కార్ల దీపాల మీద ఉన్న నున్నటి అద్దపు కప్పు తర్వాతి శ్రేణిలో మాయమవడం వెనక ఉన్నది కూడా ఆ దేశపు దీపాల నిబంధనే. తక్కువ వేగంలో ఢీకొన్నా కారు దెబ్బతినకూడదన్న బంపరు నిబంధన అక్కడ 1973 మోడళ్ల నుంచి అమలులోకి వచ్చింది. దాని ఫలితం బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ మీద స్పష్టంగా చూడవచ్చు. 1974లో సన్నటి క్రోమ్ బంపర్లు పోయి నల్ల రబ్బరు దిమ్మెలు వచ్చాయి, కారు ఒంటిని కూడా పైకి లేపాల్సివచ్చింది. ఆ కారును తిరిగి గీసేవాళ్లు బంపర్లు మార్చి ఊరుకుంటారు. నిజానికి దాని అందాన్ని ఎక్కువగా చెడగొట్టింది ఎత్తు. బంపరు మార్చకుండా ఒంటిని మాత్రం దించి గీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

నీలం గీతలకు పేసర్ మంచి పాఠం. ఆ కారును జనరల్ మోటార్స్ తయారుచేస్తున్న చిన్న రోటరీ ఇంజిన్ కోసం ఊహించారు. ఆ ఇంజిన్ పథకమే రద్దయింది. పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను అదే చోట ఇరికించాల్సివచ్చింది. దాని కుడి డోరు ఎడమ డోరుకన్నా 4 అంగుళాలు పొడవు. వెనక సీట్లోకి పిల్లలు కాలిబాట వైపు నుంచి ఎక్కాలన్నది ఆలోచన. ఆ డోరు తేడాను ఎవరైనా పొరపాటనుకుని సరిచేస్తే, ఆ కారులోని ఒక మంచి ఆలోచనను చంపినట్టే. అదే పేసర్‌కు చిన్న ఇంజిన్ దొరికి ఉంటే ముందు భాగం ఎంత పొట్టిగా ఉండేదో గీయడం చాలా మంచి అభ్యాసం.

2001 మోడల్‌గా వచ్చిన పోంటియాక్ ఆజ్‌టెక్‌ను మళ్లీ గీయనివారు లేరనుకుంటాను. అందరూ దాని రెండంతస్తుల ముఖాన్నీ, పక్కల బూడిదరంగు ప్లాస్టిక్‌నూ మారుస్తారు. అసలు ఇబ్బంది అక్కడ లేదు. దాని అడుగున ఉన్నది మినీవ్యాన్ ప్లాట్‌ఫాం, అంటే కారు అడుగు చట్రం. అందువల్ల ఒళ్లు ఎత్తుగా, చక్రాలు లోపలికి నక్కినట్టుగా కనిపిస్తాయి. ముఖాన్ని ముట్టుకోకుండా చక్రాలను రెండు అంగుళాలు బయటికి జరిపి, టైర్లను పెంచి గీయండి. సగం వికారం అక్కడే కరిగిపోతుంది.

1958 నాటి ఎడ్సెల్ గ్రిల్లు కూడా ఇలాంటిదే. డిజైనర్ రాయ్ బ్రౌన్ ముందు భాగం నడుమ సన్నటి నిలువు చీలికను ఊహించారు. ఇంజిన్‌కు గాలి చాలదని ఇంజినీర్లు దాన్ని వెడల్పు చేయించారు. చివరికి గుర్రం మెడపట్టీ అని జనం పేరుపెట్టిన ఆకారం మిగిలింది. నేడు అదే కారును ఎలక్ట్రిక్‌గా ఊహిస్తే అంత గాలి అక్కర్లేదు. బ్రౌన్ సన్నటి చీలిక తిరిగి సాధ్యమవుతుంది. పాత కారణం పోయినప్పుడు డిజైనర్ మొదటి కోరిక బయటికి రావడం, ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందమిచ్చే ఘట్టం.

ఆకుపచ్చ గీతలకు మినీ. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ ఆ కారులో రేకుల అతుకులను బయటికే వదిలేశారు. వెల్డింగ్ తేలిక, ఖర్చు తక్కువ. ముందు చక్రానికీ డోరుకూ నడుమ వాలుగా దిగే ఆ అతుకు అలా పుట్టిందే. 2001 నాటి కొత్త మినీలో అదే చోట ఒక వాలు గీత కనబడుతుంది. ఆ అతుకు అవసరం ఎప్పుడో తీరిపోయినా గీత గుర్తుగా మిగిలింది. ఇలాంటి గీతను ఉంచుకోవచ్చా? ఉంచుకోవచ్చు, కానీ దానికి కొత్త పని అప్పగిస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం. రెనో 5 దీనికి గొప్ప ఉదాహరణ. మిషెల్ బువే గీసిన 1972 నాటి కారు బానెట్ మీద ఒక పక్కకు గాలి తీసుకునే జాలి ఉండేది. 2024 నాటి ఎలక్ట్రిక్ రెనో 5లో ఆ జాలికి పని లేదు. అదే చోట బ్యాటరీ ఎంత నిండిందో చూపే వెలుగు పెట్టారు, అదీ 5 అంకె ఆకారంలో. గుర్తూ నిలిచింది, ఉద్యోగమూ దొరికింది.

రంగులు వేయడం అయ్యాక ఒక్కో గీత పక్కన ఒక మాట రాయండి: ఈ కారణం నేటికీ ఉందా, పోయిందా, మారిందా? ఉంటే గీతను గౌరవించాలి. పోతే మీకు స్వేచ్ఛ. మారితే అక్కడ కొత్త ఆకారం వెతకాలి. మీ డిజైన్ పని మొత్తం ఆ మూడో గుంపులోనే ఉంటుంది.

నాలుగో మెట్టు: నడకను పట్టుకోవడం

ఇప్పుడు కారును నల్లటి నీడగా మార్చండి. ట్రేసింగ్ పేపరు మీద ఒంటి అంచు మాత్రం గీసి లోపలంతా నలుపు నింపండి. కిటికీలు, దీపాలు, డోర్లు ఏవీ వద్దు. ఆ నీడను చూసి కారు పేరు చెప్పగలిగితే, దాని గుర్తు అంచులోనే ఉందన్నమాట. చెప్పలేకపోతే గుర్తు కిటికీ ఆకారంలోనో, ముందు భాగంలోనో ఉంది. ఎక్కడుందో తేలాక అయిదు గీతలకు మించకుండా అదే కారును గీయాలి. అయిదింటిలో చోటు దొరికిన గీతలే మీరు చివరిదాకా కాపాడాల్సినవి.

తర్వాత నిష్పత్తులు. ఇక్కడ ఒక లెక్క చెప్తాను, ఇది చేసి చూసినప్పుడు నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. అసలు మినీ పొడవు 3.05 మీటర్లు, 2001 నాటిది దాదాపు 3.63. అర మీటరుకు పైగా తేడా. అయినా చూడగానే అదే కుటుంబమని తెలుస్తుంది. పాతదాని 10 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి వ్యాసం సుమారు అర మీటరు. వీల్‌బేస్ 2036 మిల్లీమీటర్లు కాబట్టి, రెండు టైర్ల మధ్య ఖాళీలో సరిగ్గా మూడు టైర్లు పడతాయి. కొత్తదాని టైరు 175/65 ఆర్15 అనుకుంటే వ్యాసం ఇలా వస్తుంది: టైరు వెడల్పు 175 మిల్లీమీటర్లలో 65 శాతం 114, అది పక్కగోడ ఎత్తు; దానికి రెట్టింపు 228, 15 అంగుళాల రిమ్ము 381, మొత్తం 609 మిల్లీమీటర్లు. వీల్‌బేస్ 2467. లెక్కపెట్టి చూడండి, మధ్య ఖాళీలో మళ్లీ మూడు టైర్లే! కారు పెరిగింది, నడక మాత్రం మారలేదు.

మారినది మరొకటుంది. పాతదాని ఎత్తు 1.35 మీటర్లు, అంటే టైరు కారు ఎత్తులో 37 శాతం. కొత్తదాని ఎత్తు 1.41, టైరు 43 శాతం. పాత మినీ పసిపిల్లలా, కొత్తది కండపట్టిన కుర్రాడిలా కనబడటానికి కారణం ఈ ఆరు శాతమే. మీరు ఎంచుకున్న కారుకు ఈ రెండు నిష్పత్తులూ, వాటితో పాటు కిటికీ ఎత్తుకూ కింది రేకు ఎత్తుకూ మధ్య నిష్పత్తీ, ముందు వెనక చక్రాల అవతలికి పొడుచుకొచ్చే భాగాల పొడవూ లెక్కకట్టి రాసుకోండి. ఈ అయిదు అంకెలు దగ్గరుంటే, బొమ్మ దారితప్పినప్పుడు ఎక్కడ తప్పిందో అవే చెప్తాయి.

అయిదో మెట్టు: నేటి హద్దులు గీయడం

రెండో ప్రశ్నను ఎంచుకున్నవాళ్లు ఇందులోని 1:10 చిత్రం గీసుకుని, మిగతా మెట్టును దాటేయవచ్చు. నేటి కారు గీసేవాళ్లకు మాత్రం ఇది తప్పదు.

1:10 స్కేలులో ఏ3 కాగితం సరిపోతుంది. 4 మీటర్ల కారు 40 సెంటీమీటర్లలో ఇముడుతుంది. ముందు నేల గీత, రెండు చక్రాలు. తర్వాత కారు కాదు, మనుషులు. డ్రైవరు తుంటి ఎక్కడ, మడమ ఎక్కడ, తల ఎక్కడ అన్నది గుర్తించాలి. వెనక కూర్చునేవాళ్లకూ అంతే. ఆ తలల పైన కొన్ని సెంటీమీటర్ల ఖాళీ వదిలితే కప్పు గీత దానంతటదే పుడుతుంది. ఫోర్డ్ పాత రేసు కారు జీటీ40 పేరులోని 40 దాని ఎత్తును చెప్పే అంగుళాలు. ఇరవై ఒకటో శతాబ్దంలో ఫోర్డ్ దాన్ని రోడ్డు కారుగా మళ్లీ తెచ్చినప్పుడు ఎత్తు 44 అంగుళాలు దాటింది. మామూలు మనిషి కూర్చోవాలి కదా. ఎత్తు పెరిగినప్పుడు మిగతా కొలతలన్నీ దానితో పాటు పెంచబట్టే చూసేవాళ్లకు తేడా తెలియలేదు.

బానెట్ కింద ఇంజిన్ పైభాగానికీ రేకుకూ మధ్య ఖాళీ ఉండాలి. పాదచారి తల తగిలితే రేకు లోపలికి అణగడానికి అది కావాలి. నేటి కార్ల ముందు భాగం ఎత్తుగా, మొద్దుగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. పైకి లేచే దీపాలు 2004తో కొత్త కార్లలో కనుమరుగయ్యాయి. కప్పును మోసే స్తంభాలు లావెక్కాయి. ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ నేలలో పరుచుకుని అందరినీ పైకి లేపుతుంది. ఆ ఎత్తును దాచడానికి చక్రాలు పెద్దవవుతాయి, పక్కన కిందిభాగం నల్లబడుతుంది. హ్యుందాయ్ అయానిక్ 5 ముడతలు పెట్టి మడిచిన కాగితంలా, అదే కంపెనీ పాత కారు 'పోనీ' గీతలను గుర్తుచేస్తుంది గానీ, దాని వీల్‌బేస్ 3 మీటర్లు. ఫోటోలో చిన్న హ్యాచ్‌బ్యాక్‌లా కనబడే ఆ కారు దగ్గరికి వెళ్తే ఎంత పెద్దదో తెలిసి ఆశ్చర్యం వేస్తుంది. నిష్పత్తులు కుదిరితే సైజు దాగుతుందనడానికి అది రుజువు.

ఇంజిన్ చోటు మారితే ఏమవుతుందో బీటిల్ చెప్తుంది. అసలు బీటిల్ ఇంజిన్ వెనక ఉండేది. ముందు గ్రిల్లు లేకపోవడం, బానెట్ కిందికి జారడం అందుకే. 1997 నాటి న్యూ బీటిల్ ముందు ఇంజిన్ ఉన్న గోల్ఫ్ ప్లాట్‌ఫాం మీద నిలబడింది. కప్పును ఒకే విల్లులా వంచడం కోసం ముందు అద్దాన్ని బాగా ముందుకు లాగారు. ఫలితంగా డ్యాష్‌బోర్డు బల్లలా పొడవైంది, వెనక కూర్చున్నవాళ్ల తల కప్పుకు తగిలేది. 2011లో వచ్చిన తర్వాతి కారులో కప్పును చదునుచేసి దీన్ని సర్దారు. ఆకారాన్ని ముందు నిర్ణయించి మనుషులను తర్వాత ఇరికిస్తే ఇలాగే ఉంటుంది. ఇంజిన్ వెనక ఉన్న పాత కార్లను ఎలక్ట్రిక్‌గా ఊహించేవాళ్లకు మాత్రం అదృష్టం. గ్రిల్లు లేని ముఖం మళ్లీ సహజమైపోయింది.

ఆరో మెట్టు: గీయడం

ఇన్ని లెక్కల తర్వాత చేతిని వదిలేయాలి. అగ్గిపెట్టె సైజులో ముప్ఫై బొమ్మలు, బాల్‌పెన్నుతో, రబ్బరు లేకుండా. తప్పు గీతను చెరపకండి, పక్కన కొత్త బొమ్మ మొదలుపెట్టండి. ముప్ఫైలో మొదటి పది అందరికీ తట్టేవే ఉంటాయి. ఇరవై దాటాక మీవి మొదలవుతాయి. వాటిలో మూడింటిని ఎంచి, అయిదో మెట్టులోని 1:10 చిత్రం మీద ట్రేసింగ్ పేపరు పరిచి పెద్దవి చేయండి. ఒక్కో కాగితం మీద ఒక్క మార్పే చేస్తే, ఏ మార్పు బొమ్మను బాగుచేసిందో ఏది పాడుచేసిందో తెలుస్తుంది.

పక్కవైపు చిత్రం కుదిరాక మూలనుంచి చూసే చిత్రం. ఇక్కడ చాలామందిని ఓడించేది చక్రం. మూలనుంచి చూస్తే చక్రం దీర్ఘవృత్తమవుతుంది. దాని చిన్న అక్షం ఇరుసు వెళ్లే దిశలోనే ఉండాలి. నిటారుగానో అడ్డంగానో పెడితే చక్రం ఒంటినుంచి ఊడిపోతున్నట్టు కనబడుతుంది. ముందు ఇరుసు గీత, దాని మీద దీర్ఘవృత్తం, ఆ తర్వాత ఒళ్లు. ఈ వరస తప్పకండి.

ఫోటో మీద కంప్యూటర్‌లో మార్పులు చేసేవాళ్లు ప్రతి మార్పునూ వేరే పొరలో ఉంచుకోవాలి. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మోడల్ కట్టేవాళ్లు కెమెరాను 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్సుకు పెట్టుకుంటే కారు నిజమైన ఆకారంలో కనబడుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న చర్చకు నేను ఎక్కువ విలువ ఇవ్వను. పెన్నూ ట్రేసింగ్ పేపరుతో చేసిన గొప్ప పనులు చూశాను.

చేత్తో తాకి అర్థం చేసుకోవాలనుకుంటే మోడలింగ్ క్లే కొనండి. జనరల్ మోటార్స్‌లో డిజైన్ అధిపతి హార్లీ ఎర్ల్ కాలం నుంచి నేటివరకు డిజైన్ స్టూడియోలు దాన్ని వదల్లేదు. తెర మీద నున్నగా కనిపించిన వంపులోని గుంటను వేలు వెంటనే పట్టేస్తుంది.

ఏడో మెట్టు: వెలుగు

కారు ఒళ్లు అద్దంలాంటిది. పైకి తిరిగిన భాగాలు ఆకాశాన్ని, కిందికి తిరిగిన భాగాలు నేలను చూపిస్తాయి. ఆ రెండింటి మధ్య దిగంతరేఖ ప్రతిబింబం ముందునుంచి వెనకదాకా పరుగెడుతుంది. అది ఎక్కడా తెగకుండా, ఉలిక్కిపడకుండా సాగితే ఆ ఒళ్లు బాగా కుదిరినట్టే. పాత కార్లలో ఈ గీత తీరిగ్గా సాగేది. ఇప్పటి కార్లలో మడతలు పెట్టి దాన్ని నాలుగు ముక్కలు చేస్తున్నారు. పాత మోడల్‌ను కొత్తగా గీసేటప్పుడు పక్కన ఒక్క మడత కన్నా ఎక్కువ పెట్టకపోవడం నా నియమం. కంప్యూటర్ మోడల్ మీద నలుపు తెలుపు చారల ప్రతిబింబాన్ని వేసి తిప్పి చూడండి. చారలు ఎక్కడ విరిగితే అక్కడ ఉపరితలం సరిగా అతకలేదు.

ఎనిమిదో మెట్టు: గుర్తులు

దీపాలు, గ్రిల్లు, బ్యాడ్జీ, డోరు పిడి ఇప్పుడు చేయాలి, ఇంతకుముందు కాదు. పాత కారు నుంచి రెండు మూడు గుర్తులు మాత్రం తీసుకోండి. మూడో మెట్టులో రంగులు వేసిన ట్రేసింగ్ పేపరు తీసి, ఒక్కోదానికీ నేడు ఏం పని ఉందో రాయండి. పని దొరకని గుర్తును వదిలేయడం కష్టమే. నేను వదిలేసిన ప్రతిసారీ బొమ్మ తేలికపడింది. 2018 నాటి సుజుకి జిమ్నీ గుండ్రటి దీపాలు, వాటి పక్కన విడిగా ఉన్న ఇండికేటర్లు, అయిదు చీలికల గ్రిల్లు పాత తరాల నుంచి వచ్చినవే. అయినా కృత్రిమంగా అనిపించవు. పెట్టెలాంటి ఆ ఒంటి మీద అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. 2021లో లాంబోర్గిని కౌంటాక్ పేరును మళ్లీ తెచ్చినప్పుడు, అసలు కారును గీసిన మార్సెల్లో గాండిని తనకు దానితో సంబంధం లేదని బహిరంగంగా చెప్పారు. తాను ఎప్పుడూ ముందరి కారుతో తెగతెంపులు చేసుకునే కొత్తదనం కోసమే పనిచేశానన్నది ఆయన వాదన. దాన్ని పూర్తిగా ఒప్పుకుంటే మనం ఈ పనే చేయకూడదు. నేను అంతదూరం వెళ్లను. కానీ ఆ కారును పుట్టించిన తెగువకు నా బొమ్మలో ఎక్కడైనా జాడ ఉందా అని, గుర్తులు పెట్టే ముందు ఒకసారి ఆగి చూసుకుంటాను.

రంగు విషయంలో చెప్పడానికి ఎక్కువ లేదు. ఆ కారు పుట్టిన కాలపు రంగుల్లో ఒకటి, బూడిదరంగు ఒకటి, రెండూ వేసి చూడండి. బూడిదరంగులో నిలబడని ఆకారాన్ని ఏ ఎరుపూ కాపాడదు.

తొమ్మిదో మెట్టు: పరీక్ష

బొమ్మను అద్దంలో చూడండి, లేదా కంప్యూటర్‌లో ఎడమ కుడులు తిప్పండి. అలవాటుపడిన కంటికి దాగిన వంకరలు అప్పుడు బయటపడతాయి. తలకిందులుగా కూడా ఒకసారి చూడండి. తర్వాత నాలుగో మెట్టులోలాగే కొత్త కారును కూడా నల్లటి నీడగా మార్చి, పాత నీడ పక్కన గోడకు అంటించండి. పది అడుగుల దూరంలో నిలబడి రెండూ ఒకే ఇంటివిగా అనిపిస్తున్నాయా చూసుకోండి. వారం తర్వాత మళ్లీ చూడండి.

ఆపైన ఇద్దరికి చూపించాలి: ఆ కారును ఏళ్ల తరబడి నడిపినవాళ్లు ఒకరు, దాని పేరే విననివాళ్లు ఒకరు. మొదటివారిని "ఏం పోయింది?" అని అడగండి. రెండోవారిని "ఇది ఎలాంటి మనిషి నడిపే కారు?" అని అడగండి. "బాగుందా?" అని మాత్రం ఎవరినీ అడగొద్దు. ఆ ప్రశ్నకు మర్యాదే జవాబిస్తుంది.

నలుగురి ముందు పెట్టేటప్పుడు ఇది ఊహాచిత్రమని బొమ్మ మీదే రాయండి, కంపెనీ నుంచి బయటికి పొక్కిన ఫోటో అని ఎవరూ పొరబడకుండా. పాత కారును గీసిన డిజైనర్ పేరు తెలిస్తే అదీ రాయండి. కంపెనీ లోగో ఉన్న బొమ్మను అమ్మకానికి పెట్టే ఆలోచన ఉంటే ముందు ట్రేడ్‌మార్క్ నియమాలు చదువుకోవాలి. కాగితం కింది మూలలో మూడు వరుసలు చాలు: పాత కారు ఏడాది, ఉంచిన నిష్పత్తులు, మార్చిన ప్రతి గీతకూ కారణం. నాలుగు రంగులు వేసిన ఆ మొదటి ట్రేసింగ్ పేపరును కూడా పక్కనే పెట్టండి. బొమ్మకన్నా దాని ముందే జనం ఎక్కువసేపు ఆగుతారు.